క్వేకర్ మినిట్ పుస్తకాలతో ఎనిమిదేళ్లు: ఒక పాఠకుడి అనుభవం

పెన్సిల్వేనియాలోని చెస్టర్ కౌంటీలో మేము కొనుక్కున్న పాత రాతి ఇల్లు ఎవరు కట్టించారో తెలుసుకుందామని ఎనిమిదేళ్ల కిందట మొదలుపెట్టిన వెతుకులాట నన్ను క్వేకర్లు అనే క్రైస్తవ సమాజం రికార్డుల దగ్గరకు చేర్చింది. మేము గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాళ్లం. మా బంధువర్గంలో క్వేకర్లు ఎవరూ లేరు. అయినా ఇన్నేళ్లలో ఈ పుస్తకాలు తెరవని వారం నాకు అరుదు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల మీటింగుల, అంటే స్థానిక క్వేకర్ సమాజాల, పాత పుస్తకాలను స్వార్త్‌మోర్, హావర్‌ఫర్డ్ కళాశాలల గ్రంథాలయాలు భద్రపరుస్తున్నాయి. వాటిలో చాలా భాగం చందా కట్టి చూసే ఒక వంశావళి వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతుంది. రెండు దారుల్లోనూ నడిచిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో ఏర్పడిన ‘ఫ్రెండ్స్’ సమాజాన్నే లోకం క్వేకర్లని పిలిచింది. వాళ్లలో బాప్తిస్మం లేదు కనుక ఇతర చర్చిల్లో కనిపించే బాప్తిస్మ రిజిస్టర్లకు బదులు పుట్టిన తేదీలనే నేరుగా రాసుకున్నారు. స్థానిక సమాజం నెలకొకసారి వ్యవహారాల కోసం కూర్చునేది కాబట్టి దానికి మంత్లీ మీటింగ్ అని పేరు. అక్కడ జరిగిన ప్రతి నిర్ణయాన్నీ క్లర్కు మినిట్ పుస్తకంలోకి ఎక్కించేవాడు. మన కరణాల దస్త్రాల్లో భూమి, శిస్తు కనిపిస్తాయి గానీ మనుషుల మధ్య ఏం నడిచిందో అంతగా కనిపించదు. ఈ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది అదే. పెళ్లి చేసుకోదలచిన జంట వరుసగా రెండు మీటింగుల్లో తమ ఉద్దేశం చెప్పాలి, వాళ్లకు వేరే బంధాలేవీ అడ్డు లేవని విచారించడానికి మీటింగు కొందరిని నియమించాలి, పెళ్లి సక్రమంగా జరిగిందని తర్వాతి నెల ఇంకొందరు వచ్చి చెప్పాలి. పెళ్లినాటి సర్టిఫికెట్ మీద వధూవరులతో పాటు వచ్చినవాళ్లు కూడా సంతకాలు పెట్టేవారు. ఒక్క కాగితం మీద ఊరి సగం పేర్లు కనిపిస్తాయి. కుటుంబం వేరే చోటికి తరలిపోతే పాత మీటింగు కొత్త మీటింగుకు పరిచయ పత్రం రాసి పంపేది. ఆ పత్రాలను పట్టుకుని ఒక కుటుంబం ఐర్లండు నుంచి పెన్సిల్వేనియాకు, అక్కడి నుంచి నార్త్ కరోలినాకు వెళ్లిన దారిని నేను పూర్తిగా అనుసరించగలిగాను.

మా ఇంటి రెండో యజమాని కూతురి కథ చెబితే ఈ రికార్డుల విలువా, వాటిని వాడే పద్ధతిలో ఉన్న లోపమూ రెండూ అర్థమవుతాయి. వెబ్‌సైట్ సూచికలో ఆమె పేరు, 1760ల నాటి ఒక సంవత్సరం, పక్కన ‘తొలగింపు’ అనే మాట తప్ప మరేమీ లేవు. పురుషుల మీటింగు పుస్తకంలో ఇంకో రెండు వాక్యాలు దొరికాయి: సమాజం బయటి వ్యక్తిని, మీటింగు క్రమం తప్పి, పెళ్లాడింది. అంతటితో ఆ కథ అయిపోయిందనుకుని మూడేళ్లు పక్కన పెట్టాను. అప్పట్లో స్త్రీలకు విడిగా మీటింగు, విడిగా మినిట్ పుస్తకం ఉండేవన్న సంగతి తెలిసినా నేను దాన్ని తెరవలేదు. తెరిచిన రోజున అయిదు నెలల కథ బయటపడింది. మొదటి నెల ఇద్దరు స్త్రీలను ఆమె దగ్గరకు పంపారు. మర్యాదగా మాట్లాడింది గానీ పెళ్లి విషయంలో పశ్చాత్తాపం లేదని చెప్పిందట. రెండో నెల వెళ్లినవాళ్లు ఆమె నిండు నెలలతో ఉందని వచ్చి చెప్పారు, అందుకని ఇంకో నెల ఆగారు. నాలుగో నెల నిర్ణయ పత్రం రాయించారు, అయిదో నెల చదివి వినిపించారు. పద్నాలుగేళ్ల తర్వాత ఆమె తన తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం అదే వరుస పుస్తకాల్లో ఉంది. మీటింగు ఆమెను తిరిగి చేర్చుకుంది. ఈ తొలగింపును మన ఊళ్ల వెలితో పోల్చకూడదు. తొలగించినవాళ్లు కూడా ఆరాధనకు వచ్చి కూర్చోవచ్చు, వ్యవహారాల్లో పాల్గొనే హక్కు మాత్రమే పోతుంది. సూచికలోని ఒక్క మాట చూసి నేను ఆమె జీవితాన్ని తప్పుగా ఊహించుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

తేదీల విషయంలో సూచిక ఇంకా ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. వారాలకూ నెలలకూ అన్యదేవతల పేర్లు వాడడం ఇష్టంలేక క్వేకర్లు వాటిని అంకెలతోనే రాశారు; ఆదివారం వాళ్లకు ‘మొదటి రోజు’. ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ 1752కు ముందు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మార్చి మొదటి నెల. ఉగాదితో ఏడాది మొదలుపెట్టే మనకు ఇది వింతేమీ కాదు. కానీ సూచిక తయారుచేసినవాళ్లు చాలా చోట్ల 12వ నెల అని ఉంటే డిసెంబరు అని ఎక్కించారు. మా ఇంటి మొదటి యజమాని 1740, 12వ నెలలో చనిపోయినట్టు పుస్తకంలో ఉంది, అంటే మన లెక్కలో 1741 ఫిబ్రవరి. సూచిక మాత్రం 1740 డిసెంబరు అంటుంది. కౌంటీ కార్యాలయంలో ఆయన వీలునామా 1741 జనవరి నాటిది. మనిషి పోయాక వీలునామా ఎలా రాశాడన్న చిక్కు వచ్చి, అదే పేరుతో ఇద్దరున్నారని నమ్మి, లేని ఒక అన్నదమ్ముణ్ణి వెతుకుతూ ఒక చలికాలమంతా పోగొట్టుకున్నాను. తప్పు సరిదిద్దమని వెబ్‌సైట్‌కు రెండుసార్లు రాశాను. ఆ పేజీలో ఇప్పటికీ డిసెంబరే ఉంది.

నేను చూసిన చిత్రాల్లో చాలావాటికి మూలం పాత మైక్రోఫిల్ము, అందువల్ల సిరా వెలిసిన పుటలు బూడిదరంగు మచ్చల్లా ఉంటాయి. అదే పుట గ్రంథాలయంలో చేతికి వచ్చినప్పుడు హాయిగా చదవగలిగాను. 1827లో ఫిలడెల్ఫియా క్వేకర్లు హిక్సైట్, ఆర్థడాక్స్ అని రెండుగా చీలి 1955లో గానీ కలవలేదు కనుక, ఆ మధ్యకాలంలో ఒకే పేరున్న మీటింగుకు రెండు వరుసల పుస్తకాలు ఉంటాయి. ఒకదానిలో పేరు దొరకకపోతే రెండోది చూడాల్సిందే.

నేను ఇన్నాళ్లూ ఈ పని వదలకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. 1673లో లండన్ క్వేకర్లు తమవాళ్లు రాసిన ప్రతి రచనకూ రెండు ప్రతులు, తమకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి రచనకూ ఒక ప్రతి భద్రపరచాలని తీర్మానించారు. ఆ రెండో భాగం మీద నాకు అపారమైన గౌరవం. 1688లో జర్మన్‌టౌన్‌కు చెందిన నలుగురు బానిసత్వానికి వ్యతిరేకంగా విన్నపం రాస్తే, అది మంత్లీ మీటింగు నుంచి మూడు నెలలకొకసారి కూడే క్వార్టర్లీ మీటింగుకు, అక్కడి నుంచి ఏడాదికొకసారి కూడే యియర్లీ మీటింగుకు చేరి, అక్కడ ఏ నిర్ణయమూ లేకుండా ఆగిపోయింది. ఫిలడెల్ఫియా క్వేకర్లు బానిసలను ఉంచుకున్న సభ్యులను తొలగించాలని నిర్ణయించింది 1776లో. అంటే మధ్యలో 88 ఏళ్లు. ఆ ఆలస్యానికి సాక్ష్యం వాళ్ల సొంత మినిట్లే. ఆ విన్నపం అసలు ప్రతి మరుగునపడి 1844లో దొరికింది, మళ్లీ కనిపించకుండా పోయి 2005లో ఆర్చ్ స్ట్రీట్ మీటింగ్ హౌస్‌లో బయటపడింది. ఇప్పుడు హావర్‌ఫర్డ్‌లో ఉంది. బానిసలను విడిచిపెడుతూ యజమానులు రాసిన విడుదల పత్రాలు కూడా గ్రంథాలయాల్లో ఉన్నాయి. నేను చదివినవాటిలో విడుదలైన మనిషికి చాలా చోట్ల ఒక్క పేరు, ఒక వయసు, అంతే. ఇంటిపేరు యజమానికే ఉంది. తమ పూర్వీకులను వెతికే ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలకు ఆ ఒక్క పేరే ఆధారం. క్వేకర్లు నడిపిన అమెరికా ఆదివాసీ బోర్డింగ్ పాఠశాలలకు సంబంధించి ఈ రెండు కళాశాలల్లో ఉన్న సుమారు 20,000 పుటలను ఆదివాసీల సంస్థతో కలిసి డిజిటల్ రూపంలోకి తెచ్చారు. దాచిన చరిత్రను, అది ఎవరికి జరిగిందో వాళ్ల చేతికి తిరిగి ఇవ్వడం ఇదేనని నా అభిప్రాయం.

గ్రంథాలయాలకూ వాటిలో పనిచేసేవాళ్ల ఓర్పుకూ నేను పూర్తి మార్కులు ఇస్తాను, చందా వెబ్‌సైట్‌లోని చిత్రాలకు మూడు వంతులు, దాని సూచికకు సగానికి తక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏడాది చందా కట్టకండి. ముందు మీకు కావలసిన మీటింగు పేరు, అది ఏ మీటింగు నుంచి విడిపోయిందో, ఏ సంవత్సరాలు కావాలో రాసిపెట్టుకుని గ్రంథాలయానికి ఒక ఉత్తరం రాయండి. వెళ్లే రోజు పెన్ను కాకుండా పెన్సిలు తీసుకెళ్లండి. పురుషుల పుస్తకం అడిగినప్పుడే అవే సంవత్సరాలకు స్త్రీల పుస్తకం కూడా అడగండి.