పాత బుల్లెట్ మీద శ్రీశైలం: లైట్ల పని ఎక్కడ చేయించాలి, రాత్రి ఎక్కడ ఆగాలి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్ల పైచిలుకు. అడవి మొదట్లో ఉండే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే కాంటాక్టులు) కాలం నాటి 12 వోల్టుల బుల్లెట్ అయితే బండి కరెంటు పనిని ఈ గేటు వేళలను బట్టే చూసుకోవాలి. మన్ననూరు దాటాక అడవిలో హెడ్‌లైటు పోతే పక్కన ఆపుకుని విప్పుకునే చోటు కాదది. సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది.

దారిలో నమ్మదగ్గ మజిలీ కల్వకుర్తి. బ్యాటరీలు, బల్బులు, వైరింగ్ సామాను దొరికే ఊళ్లలో అడవికి ముందు పెద్దది ఇదే. చిక్కేమిటంటే తెల్లవారుజామున బయల్దేరిన వాళ్లు అక్కడికి చేరేసరికి ఆటో ఎలక్ట్రికల్స్ షాపులు ఇంకా తెరవరు. అనుమానమున్న బండైతే ఆలస్యంగా బయల్దేరడమే నయం. మెకానిక్ అనగానే కరెంటు పని వస్తుందనుకోవద్దు. ఇంజన్ విప్పే చేతులు వేరు, వోల్టేజీ కొలిచే మీటర్ (మల్టీమీటర్) పట్టే చేతులు వేరు. బండిని చూడకుండానే "బ్యాటరీ మార్చాలి" అన్న చోట ఆగక్కర్లేదు.

ముందు చూడాల్సింది బ్యాటరీ వోల్టేజీ. ఇంజన్ ఆపి కాసేపయ్యాక మీటర్ 12.6 దగ్గర చూపాలి. రేజ్ చేసినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయినట్టే, బల్బులు వరసగా మాడతాయి. 13 దాటకపోతే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి, దాన్ని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే రెక్టిఫయర్ దాకా ఉన్న కనెక్టర్లు తెరిచి చూడండి. పిన్నుల మీద పచ్చగా పాచి పట్టి ఉంటే గీకి శుభ్రం చేయాలి.

హెడ్‌లైటు మసగ్గా వెలిగితే చాలామంది 60/55 వాట్ల బల్బు వేయిస్తారు. పాత ఆల్టర్నేటర్‌కి అది మోయలేని బరువు. పాత 35 వాట్ల బల్బుకు 3 ఆంపియర్లు చాలు, 55 అయితే నాలుగున్నర దాటుతుంది. అసలు దోషం ఎక్కువసార్లు ఎర్త్‌లో, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో ఉంటుంది. డూమ్ (హెడ్‌లైటు గిన్నె) లోపలి ఎర్త్ వైరు తెగితే కరెంటు హ్యాండిల్ బేరింగుల గుండా వెనక్కి రావాలి, అక్కడేమో గ్రీజు. లైటు వేసి, మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు బల్బు హోల్డర్ ఎర్త్‌కి పెట్టండి. అర వోల్టు కనిపించిందంటే ఎర్త్ చెడినట్టే. హోల్డర్ నుంచి ఛాసిస్‌కి విడిగా ఒక వైరు లాగిస్తే బల్బు మార్చకుండానే వెలుగు తెలుస్తుంది.

ఈగలపెంట దాటి డ్యామ్ కిందికి దిగే ఘాట్ బండిలోని లోపాలన్నీ బయటపెడుతుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పిన మలుపులోనే లైటు ఆరి, నిటారు చేయగానే వెలిగితే మెడ దగ్గర వైరు లోపల తెగినట్టు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. కల్వకుర్తిలోనే బండి నిలబెట్టి, లైటు వేసి, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. దిగేటప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, వెనక బ్రేకు లైటు 21 వాట్లు లాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆంపియర్ మీటర్ ముల్లు మైనస్‌లోకి పోవడం, అంటే బ్యాటరీ నుంచి కరెంటు ఖర్చవడం సహజం. డ్యామ్ కిందున్న లింగాలగట్టు నుంచి ఎక్కేటప్పుడు కూడా మైనస్‌లోనే ఉంటే చార్జింగ్ లేనట్టు, లేదా బ్రేకు స్విచ్చి దుమ్ముకి ఇరుక్కుని లైటు ఆరనట్టు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సిగరెట్ పెట్టె రేకు చుట్టించుకోవద్దు. వైరింగే అంటుకుంటుంది. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బుని రెండు వైర్లతో తగిలించి, ఒక్కో స్విచ్చి వేసి చూడండి. దేనితో బల్బు పూర్తి వెలుగుతో మండుతుందో షార్ట్ ఆ లైన్‌లోనే ఉంది. తర్వాత ఆ వైరును మడ్‌గార్డ్ అంచుల దగ్గర కదిలిస్తూ పోతే, ఒరిసిన చోట బల్బు మసకేస్తుంది.

బస విషయంలో మన్ననూరుకి సాయంత్రం చేరి, బండి మీద నమ్మకం లేకపోతే అక్కడే అటవీశాఖ గదుల్లో ఆగడం మేలు. అయితే ముందే బుక్ చేసుకోవాలి, తిండికి పెద్దగా ఎంపిక ఉండదు. శ్రీశైలంలో దేవస్థానం గదులు, పర్యాటక శాఖ హరిత, వాసవి, కరివేన వంటి సత్రాలు ఉన్నాయి. కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో గది దొరకడమే గగనం. పాత బండి వాళ్లు గదికన్నా ముందు పార్కింగ్ చూసుకోవాలి. వానాకాలం పైకప్పు లేని చోట రాత్రంతా తడిస్తే స్విచ్చుల్లో నీళ్లు దిగుతాయి, పాయింట్లకు చెమ్మ పట్టి పొద్దున కిక్కుకి పలకదు. చిన్న రిపేర్లకు గుడి పరిసరాలకన్నా డ్యామ్‌కీ గుడికీ మధ్య ఉన్న సున్నిపెంట బజారులో అడగడం నయం. అయినా హెడ్‌లైటు బల్బొకటి, టెయిల్ బల్బొకటి, రెండు ఫ్యూజులు, మీటరున్నర వైరు, టేపు, ఒక పాయింట్ల సెట్టు డిక్కీలో ఉండాలి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, దాన్ని కొలిచే ఫీలర్ గేజ్ మర్చిపోవద్దు.