తెలుగు తరగతిలో గూగుల్ డాక్స్: పొందూరు వైపు ఒక టీచరు అనుభవం

తొమ్మిదో తరగతి తెలుగు వ్యాసాలకు కొన్నేళ్లుగా గూగుల్ డాక్స్ (నెట్‌లో రాసుకునే సౌకర్యం) వాడుతున్నాను. అందరూ ఒకే పేజీలో ఒకేసారి రాయొచ్చని దీని గురించి గొప్పగా చెబుతారు. నాకు అంతకన్నా విలువైనది వేరే ఉంది: రాసిందాన్ని మళ్లీ చూసుకుని దిద్దుకోవడం పిల్లలకు దీనివల్లే అలవాటైంది. నోటుబుక్కులో ఎర్రసిరాతో దిద్దితే మార్కులు చూసుకుని మూసేసేవాళ్లు.

పొందూరు ఖద్దరు మీద ఒక గ్రూపు రాసింది చెబుతాను. మొదట అంతా గైడు వాక్యాలే: ప్రసిద్ధి చెందినది, ఎంతో నాణ్యమైనది. నేను పక్కన ఒక కామెంట్ పెట్టాను, "పత్తిని దేనితో శుభ్రం చేస్తారు? ఎవరినైనా అడిగారా?" అని. ఇద్దరు అమ్మాయిలు నూలు వడికే పెద్దావిడ దగ్గరికెళ్లి అడిగొచ్చారు. మర్నాటికి వాలుగ చేప దవడ వ్యాసంలోకి వచ్చింది, దాని సన్నటి పళ్లతో పత్తిని ఎలా దువ్వుతారో సహా. దాని పక్కనే ఇంకో అబ్బాయి "ఆ దవడ ఎక్కడ దొరుకుద్ది?" అని తనే కామెంట్ పెట్టాడు. నాకు కావలసింది అదే.

అందుకే సూచనల మోడ్‌లో, అంటే పిల్లలు టిక్ కొట్టి ఒప్పుకునేలా నేనే మార్చి చూపిస్తూ దిద్దడం బాగా తగ్గించాను. మనం మార్చి చూపిస్తే పిల్లలు చదవకుండానే టిక్ కొట్టేస్తారు. ప్రశ్న అడిగితే జవాబు వాళ్లే రాయాలి.

ఎవరు ఎప్పుడు ఏం రాశారో చూపించే వెర్షన్ హిస్టరీ ఇంకో మేలు. ఒకరు రాస్తే నలుగురు పేర్లు పెట్టుకునే గ్రూపు వర్క్ బాధ చాలావరకు పోయింది. కాకపోతే ఎవరి ఖాతాతో వాళ్లు లాగిన్ అవ్వాలి. లింకు ఇచ్చి వదిలేస్తే పేర్ల బదులు జంతువుల బొమ్మలొస్తాయి, ఎవరు రాశారో తెలీదు. 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా ఖాతా తెరవలేరు కాబట్టి చిన్న తరగతులకు పెట్టడం లేదు. ఇంకో మాట: ఒకరు చెబుతుంటే మరొకరు టైప్ చేస్తారు, చెప్పినవాళ్ల పేరు హిస్టరీలో ఉండదు. అది చూసి మార్కులు వేయడం అన్యాయం.

తెలుగు టైపింగే అసలు ఇబ్బంది. "స్త్రీ" తప్పుపడి బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం మొత్తం పోదు. గుడిదీర్ఘం, వత్తులు ఒక్కొక్కటే ఊడతాయి. మొదట్లో పిల్లలు కంగారుపడతారు. కానీ వత్తు ఎలా కడతారో అర్థం కావడానికి అదే మంచి పాఠం అయింది. మైకులో చెబితే తెలుగులో రాసే సౌకర్యం ఉంది గానీ, మా సిక్కోలు (శ్రీకాకుళం) యాసకు చాలాసార్లు తప్పే రాస్తుంది.

ల్యాబ్‌లో నెట్ పోతే పని ఆగిపోతుంది. ఆఫ్‌లైన్ సౌకర్యం క్రోమ్‌లో ప్రతి కంప్యూటర్‌కీ ముందే పెట్టుకోవాలి, అప్పటికప్పుడు కుదరదు. పైగా నెట్ లేనప్పుడు ఇద్దరు ఒకే పేరా మార్చారంటే, తిరిగొచ్చాక అంతా కలగాపులగమే.

మార్చడానికి వీల్లేని, చదవడానికి మాత్రమే పనికొచ్చే లింకును ఇంటికి పంపుతాను. చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్లిన అమ్మానాన్నలు చాలామంది మాకు. పిల్లలు రాసింది వాళ్లు అక్కడే ఫోన్లో చదువుకుంటారు. ఈ ఒక్కదానికోసమైనా నేను దీన్ని మానను.

పది పరీక్ష కాగితం మీదే కాబట్టి మొదటి ప్రతి నోటుబుక్కులోనే చేతితో రాయిస్తాను. ఒక డాక్యుమెంట్‌లో 100 మంది దాకా ఒకేసారి మార్పులు చేయొచ్చంటారు గానీ, తరగతిలో నలుగురు దాటితే ఒకరి వాక్యంలో ఇంకొకరు దూరిపోతారు. కొత్తగా మొదలుపెట్టే టీచర్లు గ్రూపుకి నలుగురినే పెట్టండి, ఒక్కొక్కరికీ ఒక్కో పేరా అప్పజెప్పండి.