రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500: ఏది తీసుకోవాలి?

రెండూ అమెరికా పంప్ షాట్‌గన్‌లే, అంటే ముందు పట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కే తుపాకులు. 870 వచ్చింది 1950లో, 500 దాదాపు పదేళ్ల తర్వాత. వేటకైనా, ఇంటి రక్షణకైనా అక్కడ ముందుగా వినిపించే పేర్లు ఈ రెండే.

870 రిసీవర్, అంటే లోపలి యంత్రాంగం ఉండే తుపాకీ ఒళ్లు, ఉక్కుది; 500ది అల్యూమినియం మిశ్రమం. అందుకని రెండోది నాసి అనుకోకండి. పేలుడు ఒత్తిడిని తట్టుకునేది రిసీవర్ కాదు, తూటా వెనక మూసుకుని బారెల్‌తో (గొట్టంతో) బిగిసే బోల్టు. అయితే 870 ముందు పట్టు లాగితే వెన్న మీద కత్తిలా జారుతుంది. 500 కాస్త గలగలమంటుంది. ఆ గలగల నాకు చిరాకే.

అసలు తేడా సేఫ్టీలో, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీటలో ఉంది. 870కి ట్రిగ్గర్ వెనక అడ్డంగా నొక్కే బొత్తాం. మామూలుగా కుడిచేతివాళ్లకు అనువు. 500కి రిసీవర్ వెనక పైభాగంలో, బొటనవేలి కిందే ఉంటుంది. ఎడమచేతివాళ్లు ఇక ఆలోచించనక్కర్లేదు, 500 తీసుకోవచ్చు. కానీ దానికి పిస్తోలు పిడి బిగిస్తే బొటనవేలు సేఫ్టీకి సరిగా అందదు.

తూటాలు నింపేటప్పుడు ఇంకోటి తెలుస్తుంది. 870లో తూటాను పైకెత్తే పలక కిందికి వాలి ఉంటుంది, దాన్ని వేలితో నెట్టుకుంటూ దూర్చాలి. తొందరపడితే వేలు నలుగుతుంది. 500లో ఆ పలక పైనే ఉండి దారి ఖాళీగా వదులుతుంది. చలిలో చేతి తొడుగులతో బాతుల వేటకు వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంటి కోసమైతే నా ఓటు 500కే. ఏది కొన్నా తూటాలు వేరేగా, తుపాకీ తాళంలో ఉండాలి. మైదానంలో కుందేళ్లు, పక్షుల వెంట తిరగడానికి మాత్రం 870 నునుపు వదులుకోబుద్ధి కాదు.