లండన్–పారిస్: విమానం గంటంబావు, రైలు రెండుంబావు, అయినా రైలే ముందు

దూరాలు చూపే సైట్లలో లండన్, పారిస్ అని కొడితే 344 కిలోమీటర్లు అని వస్తుంది. అది పటం మీద దారం లాగి కొలిచిన దూరం. దాన్ని విమానం వేగంతో భాగించి అరగంటలోపు ప్రయాణం అనుకుంటే తప్పులో కాలేసినట్టే. లండన్ హీత్రూ విమానాశ్రయం నుంచి పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి 348 కిలోమీటర్లే, కానీ టికెట్ మీద ఉండేది గంటా 15 నుంచి గంటా 25 నిమిషాలు. ఇంత తక్కువ దూరంలో విమానం పైకెక్కి కుదురుకునేలోపే దిగడం మొదలెడుతుంది. పైగా రన్‌వే దగ్గర వరుస, దిగాక గేటు దాకా నేల మీద నెమ్మది నడక, అన్నీ ఆ సమయంలోవే.

టైమ్ టేబుల్లో ఇంకో తికమక ఉంది. పారిస్ గడియారం లండన్ కన్నా గంట ముందుంటుంది. లండన్‌లో 9కి ఎగిరి గంటా 20 నిమిషాలు ప్రయాణిస్తే పారిస్‌లో 11:20. అటు నుంచి 9కి బయల్దేరితే లండన్‌లో 9:20. రెండింటికీ పట్టేది ఒకే సమయం.

యూరోస్టార్ రైలు లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి పారిస్‌లోని గార్ ద్యు నోర్ స్టేషన్‌కి సుమారు 2 గంటల 20 నిమిషాల్లో చేరుస్తుంది. పట్టాల మీద దూరం 492 కిలోమీటర్లు. ఫ్రాన్స్ మైదానాల్లో 300 వేగం అందుకుంటుంది, సముద్రం కింద వెళ్లే 50 కిలోమీటర్ల సొరంగంలో మాత్రం 160కి తగ్గుతుంది. ఆ చీకటి 20 నిమిషాల్లో సముద్రం కనిపిస్తుందని ఆశపడొద్దు. ఊరి నడిబొడ్డున ఎక్కి నడిబొడ్డున దిగుతాం, అసలు లాభం అదే. విమానానికైతే హీత్రూకి గంట, అక్కడ రెండు గంటల ముందు హాజరు, దిగాక ఇమిగ్రేషన్, ఆపైన ఊళ్లోకి ఆర్‌ఈఆర్ బీ అనే లోకల్ రైల్లో అరగంట పైన. అంతా కలిపితే ఐదు గంటలు దాటుతుంది. రైలుకి గంటన్నర ముందు వెళ్లినా నాలుగు గంటల్లో పని అయిపోతుంది.

రైలు కదా అని చివర్లో పరిగెత్తుకొస్తే కుదరదు. సాధారణ టికెట్లకి గేటు బయల్దేరడానికి 30 నిమిషాల ముందే మూసేస్తారు. సామాను స్కానింగ్ తర్వాత ఫ్రెంచి పోలీసులు సెయింట్ పాంక్రాస్‌లోనే పాస్‌పోర్టు చూస్తారు. అందుకే పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడిచిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో రెండు దేశాల తనిఖీలూ గార్ ద్యు నోర్‌లోనే, పై అంతస్తులో. ఐరోపా సంఘం బయటి పాస్‌పోర్టులకి వేలిముద్రలు, ఫొటో తీసే పద్ధతి 2025 అక్టోబరులో మొదలైంది, ఆ లెక్కన ఇంకాస్త ముందే వెళ్లండి. భారత పాస్‌పోర్టు ఉంటే షెంగెన్ (ఫ్రాన్స్‌తో సహా చాలా ఐరోపా దేశాల ఉమ్మడి వీసా), బ్రిటన్ వీసాలు వేర్వేరు. పారిస్‌లో దిగి, లండన్ చూసి, మళ్లీ పారిస్ నుంచి ఇంటికి వెళ్లేవాళ్లకి ఒకే ప్రవేశం ఉన్న షెంగెన్ వీసా పనికిరాదు.

లోపాలూ ఉన్నాయి. సెయింట్ పాంక్రాస్ వెయిటింగ్ హాలు రద్దీ వేళల్లో సరిపోదు. కొన్ని కిటికీ సీట్ల పక్కన కిటికీకి బదులు గోడే ఉంటుంది. సొరంగంలో ఒక రైలు మొరాయిస్తే వెనకవి ఆలస్యమవుతాయి. ఆఖరి వారంలో కొంటే ధర బాగా మండుతుంది, అప్పుడు విమానమే చవకగా దొరకొచ్చు.

హీత్రూలో వేరే విమానం దిగి, అదే టికెట్ మీద పారిస్ వెళ్లేవాళ్లకి విమానమే మేలు. సామాను నేరుగా వెళ్తుంది, మొదటిది ఆలస్యమైతే తర్వాతి దాంట్లో కూర్చోబెట్టే బాధ్యత ఎయిర్‌లైన్‌దే.