12 అంగుళాల సబ్, మోనో యాంప్: నాలుగేళ్లు మోగించాక తేలినవి

తిరుపతిలో తిరిగే ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ కారులో నాలుగేళ్లుగా నడుస్తున్న బేస్ సెటప్ ఇది. 12 అంగుళాల సబ్‌వూఫర్ (సబ్, బేస్ మాత్రమే మోగించే పెద్ద స్పీకర్), ఆర్‌ఎమ్‌ఎస్ (ఆగకుండా నడిచే అసలు పవర్) 400 వాట్లు, రెండు 4 ఓమ్ కాయిళ్లు. దాన్ని నడిపే ఒకే చానెల్ క్లాస్ డి మోనో యాంప్: 4 ఓమ్ మీద 250 వాట్లు, 2 ఓమ్ మీద 400. 18 మి.మీ. ఎండీఎఫ్ చెక్క పలకలతో చేయించిన, గాలి రంధ్రం లేని సీల్డ్ బాక్సు, లోపలి కొలత 31 లీటర్లు. కంపెనీల పేర్లు కావాలనే రాయట్లేదు. ఇన్నేళ్లలో సబ్‌కి గానీ యాంప్‌కి గానీ ఒక్క రిపేరు రాలేదు. తంటా ఎక్కువగా వచ్చింది వైరులో, ఫ్యూజు హోల్డర్లో, ఎర్త్‌లో (యాంప్ మైనస్ వైరుని బండి బాడీకి బిగించే చోట). అందుకే ఈ సమీక్షలో చాలా భాగం వాటి గురించే.

ముందు సబ్, యాంప్ జోడీ సంగతి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 1500, 2000 వాట్ల అంకెని పట్టించుకోకండి. లోపలి కాగితంలో చిన్నగా రాసే ఆర్‌ఎమ్‌ఎస్ ఒక్కటే లెక్క. సబ్ ఆర్‌ఎమ్‌ఎస్, ఆ ఓమ్ మీద యాంప్ ఇచ్చే ఆర్‌ఎమ్‌ఎస్ దగ్గర దగ్గరగా ఉంటే చాలు. ఇక్కడ రెండు కాయిళ్లనీ ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపితే 2 ఓమ్, యాంప్ నుంచి 400 వాట్లు పూర్తిగా వస్తాయి. ఒకదాని వెనక ఒకటి కలిపితే 8 ఓమ్ అయి అదే యాంప్ 125 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. బాక్సు టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెడితే 2 అని కాకుండా 1.7 అలా చూపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. అది కాయిల్ డీసీ నిరోధం, ఎప్పుడూ కొంచెం తక్కువే ఉంటుంది. కానీ ఇలాంటి సబ్‌నే ఇంకొకటి తెచ్చి పక్కన కలిపితే 1 ఓమ్ అవుతుంది. 2 ఓమ్ వరకే తట్టుకునే యాంప్ అప్పుడు తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోయి ప్రొటెక్ట్ లైటు వేసుకుని కూర్చుంటుంది, లేదా శాశ్వతంగా కూర్చుంటుంది.

ఇక వైరు. బిగించినప్పుడు వేసింది కిట్‌తో వచ్చిన '8 గేజ్' వైరు (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు), గాజు గొట్టం ఫ్యూజు. ఎనిమిది నెలలకి బేస్ కొట్టినప్పుడల్లా యాంప్ ఒక క్షణం ఆగి మళ్లీ మోగడం మొదలైంది. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యూజు మాత్రం బాగానే ఉంది! దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ హోల్డర్ ఒక మూల మెత్తబడి, గోధుమరంగుకి తిరిగి, లోపలి ఇత్తడి క్లిప్పు నల్లగా మాడి ఉంది. గాజు ఫ్యూజుల హోల్డర్లలో పట్టు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. ఫ్యూజు కాలదు, హోల్డర్ కాలుతుంది. ఇప్పుడున్నది బోల్టుతో బిగించే రేకు ఫ్యూజు, 60 ఆంపియర్లు. దాని మీద మరక కూడా లేదు.

తీసేసిన వైరుని బ్లేడుతో గీకితే అసలు సంగతి బయటపడింది. పైన ఎర్రటి రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. మంచి టిన్ కోటింగ్ రాగి వైరు దీనికి తిరగబడి ఉంటుంది: పైకి వెండిలా, కోసిన చోట ఎర్రగా. పైన చూసి మోసపోకండి, కోసి చూడండి. కొన్ని కిట్లలో ఇన్సులేషన్ బొటనవేలంత లావు ఉండి లోపల తీగలు పెన్సిల్ లెడ్డంత ఉంటాయి, అది వేరే ముచ్చట.

లెక్క సులువే. 400 వాట్లు బయటికి రావాలంటే, క్లాస్ డి యాంప్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తుందనుకున్నా, లోపలికి 500 వాట్లు పోవాలి. 13.8 వోల్టుల మీద అది 36 ఆంపియర్లు. బానెట్ నుంచి డిక్కీకి 5 మీటర్లు. పాత వైరుతో ఇంజను నడుస్తూ, బేస్ మోగుతూ ఉండగా బ్యాటరీ దగ్గర 14.2, యాంప్ దగ్గర 13.1 వోల్టులు చూపించింది. 4 గేజ్ అసలు రాగి వైరు (21 చ.మి.మీ.) వేశాక యాంప్ దగ్గర 13.9. అల్యూమినియం తప్పదనుకుంటే కనీసం ఒక సైజు లావు తీసుకోండి.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి 45 సెం.మీ. లోపే ఉండాలి. అది యాంప్‌ని కాపాడడానికి కాదు, బండి తగలబడకుండా వైరుని కాపాడడానికి. ఇంజనుకీ బండి లోపలికీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకులో రబ్బరు బుష్ లేకుండా వైరు దూరిస్తే ఆ అంచు రోజూ కొంచెం కొంచెంగా ఇన్సులేషన్‌ని కోస్తుంది. రేకుకి తగిలిన రోజు ఫ్యూజు డిక్కీలో ఉందనుకోండి, బ్యాటరీ నుంచి ఆ తగిలిన చోటిదాకా ఉన్న వైరు మీద బ్యాటరీ మొత్తం కరెంటు పడుతుంది. వైరుకి గాడి పైపు తొడగడం కూడా మానకండి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలకి ఇన్సులేషన్ అంటే మహా ఇష్టం.

ఎర్త్‌ది ఇంకో కథ. మొదట బిగించిన చోట పెయింటు గీకలేదు, వైరు చివరి లోహపు లగ్గు పెయింటు మీదే కూర్చుంది. ఫలితం: యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో 'కీయ్...' మని ఇంజనుతో పాటు పెరిగే కూత. షాపువాళ్లు ఫిల్టర్ కొనమన్నారు. ఫిల్టర్ అక్కర్లేదు. ఉప్పు కాగితంతో రూపాయి బిళ్లంత మేర మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన పెయింటు పూస్తే కూత పోయింది. ఎర్త్ వైరు కూడా 4 గేజే, అర మీటరుకి మించకూడదు. సీటు బెల్టు బోల్టుని ముట్టుకోకండి. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ మీద సెన్సర్ ఉంటే ఎర్త్‌ని ఆ పోస్టుకి కాకుండా బాడీకే ఇవ్వండి.

యాంప్ మీదుండే గెయిన్ అనేది వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే మర. సబ్ వైరు ఊడదీసి, బేస్ బూస్టు, ఈక్వలైజర్ సున్నాకి తెచ్చి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి 50 హెర్ట్జ్ టోన్ మోగించండి. మీటర్ ఏసీలో పెట్టి యాంప్ అవుట్‌పుట్ చూడండి. వాట్లని ఓమ్‌తో గుణించి వర్గమూలం తీస్తే రావాల్సిన వోల్టులు: 400 × 2 = 800, దాని మూలం 28.3. ఈ సెటప్‌లో 24 దగ్గరే ఆపాం. అంటే 288 వాట్లు. తగ్గిన శబ్దం ఒకటిన్నర డెసిబెల్ కూడా కాదు, చెవికి పెద్దగా తెలియదు, కాయిల్‌కి మాత్రం చాలా తెలుస్తుంది. చిన్న యాంప్ పెడితే సబ్ కాలుతుందని షాపుల్లో ఒక మాట చెబుతారు. తక్కువ వాట్లకి ఏదీ కాలదు. చిన్న యాంప్‌ని పీక పిసికితే తరంగం పైన కింద కత్తిరించుకుపోయి, కాయిల్‌కి చల్లారే సందు లేకుండా వేడి పెరుగుతుంది. కాల్చేది ఆ వేడి. కటాఫ్, అంటే సబ్‌కి వెళ్లే స్వరాల పై హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర ఉంది. పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సయితే మరీ కింది స్వరాలని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పనిసరి. పోర్టు ట్యూన్ అయిన స్వరం కంటే కింది స్వరాల్లో కోన్‌కి గాలి ఊతం ఉండదు.

తిరుపతి ఎండకి యాంప్ ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. మొదట బాక్సు మీదే ఉండేది. అదురుకి టెర్మినల్ స్క్రూలు వదులై, మే నెల మధ్యాహ్నాలు బండి బయట పెట్టి వచ్చాక పది నిమిషాల్లో ప్రొటెక్ట్‌లోకి పోయేది. వెనక సీటు వీపుకి పలక వేసి, చుట్టూ ఐదు సెం.మీ. గాలి వదిలి బిగించాక ఆ బాధ లేదు.

అలిపిరి దగ్గర తనిఖీ వరసలో ఏసీ, లైట్లు వేసుకుని ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది తక్కువ. అక్కడ బేస్ పెంచితే హెడ్‌లైట్లు పాటకి తాళం వేస్తాయి. క్షణకాలం కరెంటు దాచి ఇచ్చే కెపాసిటర్ పెట్టినా మారలేదు. ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ కొత్తది వేస్తే కొంత తగ్గింది, మిగతాది వాల్యూమ్ తగ్గించుకోవడమే. గంగమ్మ జాతర రోజుల్లో ఇంజను ఆపి పాటలు పెట్టేవాళ్లకి ఒక లెక్క: 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద సగటున 10 ఆంపియర్లు లాగితే గంటన్నరకి స్టార్టర్ మూలుగుతుంది.

ఘాట్ మలుపుల్లో 20 కిలోలు దాటిన బాక్సు ఊరుకోదు. నాలుగు ఎల్ క్లాంపులు, 6 మి.మీ. బోల్టులు వేయండి. డ్రిల్ పెట్టే ముందు బండి కిందికి వంగి పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూడండి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న డిక్కీలో పవర్ వైరుని గ్యాస్ పైపుకి ఆనించవద్దు.

నాలుగేళ్లకి సబ్ చుట్టూ ఉన్న రబ్బరు నలుపు కాస్త వెలిసింది, శబ్దంలో తేడా లేదు. ఆరు నెలలకొకసారి బ్యాటరీ మైనస్ తీసి ప్రతి స్క్రూ బిగిస్తాం, ప్రతిసారీ ఒకటో రెండో పావు చుట్టు తిరుగుతాయి. డిక్కీ మాత్రం సగం పోయింది, పెళ్లి సామాను పెట్టాలంటే బాక్సు ఇంట్లో దించాల్సిందే. అది కుదరని వాళ్లకి సీటు కింద పట్టే, లోపలే యాంప్ ఉండే 8 అంగుళాల యాక్టివ్ సబ్ మేలు. గుండెలో దడ పుట్టదు గానీ డోలు డోలులా వినబడుతుంది.