ఆరు మిల్లీమీటర్ల పిన్ను: నేషనల్స్‌కు వెళ్లే స్ప్రింటర్ ఏ సెట్టు కొనాలి?

స్ప్రింట్ బూట్లు కొనేముందు అడుగున ఉండే ప్లేటు కార్బనా ప్లాస్టిక్కా, ఫోమ్ ఎంత ఉంది, బరువెంత అని అందరూ గంటల తరబడి వాకబు చేస్తారు. ఆ ప్లేటుకు బిగించే పిన్నుల (స్పైక్స్) సంగతి మాత్రం ఎవరూ అడగరు. డబ్బాలో వచ్చినవే వాడేస్తారు. అరిగిపోతే దగ్గర్లోని స్పోర్ట్స్ షాపులో ఏవి దొరికితే అవి తెచ్చుకుంటారు. జిల్లా మీట్ వరకు ఇది నడుస్తుంది. నేషనల్స్‌లో కాల్ రూమ్ (పరుగుకు ముందు అథ్లెట్లను తనిఖీ చేసే గది) జడ్జి బూటు తిరగేసి చూసేది ఈ పిన్నులనే. కొలత మించితే అక్కడికక్కడే మార్చుకోమంటారు. వేరే సెట్టు, పానా చేతిలో లేకపోతే పక్కవాళ్లను బతిమాలుకోవాలి. ఆలోగా మీ హీటు (తొలి రౌండు పరుగు) పిలిచేస్తారు. అందుకే 100, 200, 400 మీటర్లు పరుగెత్తేవాళ్ల కోసం మార్కెట్లో దొరికే పిన్నుల రకాలను ఇక్కడ ఒక్కొక్కటిగా చూస్తున్నాం.

ముందు నిబంధన. ప్రపంచ అథ్లెటిక్స్ ప్రకారం ఒక్కో బూటుకు 11 పిన్నులు మించకూడదు. అడుగు నుంచి బయటికి పొడుచుకొచ్చే భాగం 9 మి.మీ. దాటకూడదు, హైజంప్‌కు, జావెలిన్‌కు 12 వరకు ఒప్పుకుంటారు. పిన్ను కొనవైపు సగం పొడవు 4 మి.మీ. చదరపు గేజ్‌లోంచి దూరాలి. వీటితో పాటు అసలైన షరతు ఇంకొకటుంది: ట్రాక్ వేసిన కంపెనీ గానీ స్టేడియం వాళ్లు గానీ అంతకన్నా తక్కువ కొలత పెడితే అదే చెల్లుతుంది. సింథటిక్ ట్రాకులున్న చాలా స్టేడియాల్లో 6 లేదా 7 మి.మీ. దగ్గర ఆపేస్తారు. ‘రూల్ బుక్కులో 9 అని ఉంది సార్’ అని కాల్ రూమ్‌లో వాదిస్తే వార్మప్ చల్లారిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. మీట్ సర్క్యులర్‌లో స్పైక్స్ గురించి రాసిన లైను ఊరు బయల్దేరకముందే చదివి, అనుమానంగా ఉంటే 6 మి.మీ. బిగించుకోండి. 6కు అభ్యంతరం పెట్టే సింథటిక్ ట్రాక్ ఎక్కడో గానీ ఉండదు.

పొడవు ఎక్కువుంటే పట్టు ఎక్కువ అనే నమ్మకం మట్టి గ్రౌండుల నుంచి వచ్చింది. అక్కడ అది నిజమే. సింథటిక్ ట్రాక్ రబ్బరు పొర మందం సుమారు 13 మి.మీ. అందులోకి 9 మి.మీ. పిన్ను లోతుగా దిగిందంటే ప్రతి అడుగులోనూ దాన్ని బయటికి లాగాలి. పట్టుకు అంత లోతు అక్కర్లేదు, పైగా లాగే శ్రమ వృథా. పరుగు మధ్యలో ఇది తెలియదు. స్టార్టింగ్ బ్లాకుల్లోంచి (పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్లు ఆనించే దిమ్మెలు) లేచే మొదటి రెండు మూడు అడుగుల్లో, పాదం నేలకు దగ్గరగా వెళ్లేటప్పుడు, ముందువరుస పిన్ను గీసుకుని తూలే ప్రమాదం పెరుగుతుంది. 2025 మార్చిలో బెంగళూరులో మన స్ప్రింటర్లు గురిందర్‌వీర్ సింగ్ 10.20 సెకన్లకు, మణికంఠ హోబ్లిదార్ 10.22 సెకన్లకు 100 మీటర్లు పూర్తిచేశారు. ఆ వేగంలో రెండు వందోవంతుల తేడా అంటే ముగింపు గీత దగ్గర దాదాపు 20 సెంటీమీటర్లు. మంచి పిన్ను కొన్నంత మాత్రాన ఆ 20 సెంటీమీటర్లు వచ్చేయవు. చెడ్డ పిన్నుతో ఒక్క అడుగు జారితే మాత్రం అంతకు ఎన్నో రెట్లు పోతుంది.

ఇక రకాలు.

పిరమిడ్ పిన్ను, 6 మి.మీ., స్టీలు. అడుగున వెడల్పుగా ఉండి కొనకు సన్నబడే మామూలు పిన్ను ఇదే. షాపులో ‘స్పైక్ పిన్ను’ అని అడిగితే ఎక్కువగా ఇచ్చేదీ ఇదే. రబ్బరులో చక్కగా దిగుతుంది, సులువుగా వదులుతుంది, అంత తొందరగా వంగదు. కొన అరిగినా కొంతకాలం పనికొస్తుంది. ఒక్క రకమే కొనగలిగితే ఇదే కొనండి. స్కూలు పిల్లల నుంచి సీనియర్ నేషనల్స్ ఫైనల్ దాకా దీనితో నిశ్చింతగా పరుగెత్తవచ్చు. లోపం ఒక్కటే: చవక ప్యాకెట్లలో మెత్తటి లోహంతో చేసినవి కలుస్తాయి. పానాతో బిగించేటప్పుడే అంచు చెక్కుకుపోతే ఆ ప్యాకెట్టు మొత్తం పక్కన పెట్టేయండి.

క్రిస్మస్ ట్రీ పిన్ను. మెట్లుమెట్లుగా, అంచెలంచెలుగా ఉంటుంది. రబ్బరును గుచ్చకుండా నొక్కిపట్టేలా దీన్ని తయారుచేస్తారు, ఆ నొక్కిన రబ్బరు తిరిగి తన్నేటప్పుడు పాదానికి ఊతమిస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ ఊతం గడియారంలో కనిపించేంత ఉంటుందని మేం చెప్పలేం. ట్రాకు పాడవకుండా ఉంటుందన్నది మాత్రం వాస్తవం. కొత్త, గట్టి సింథటిక్ మీద ఇది బాగుంటుంది. పాతబడి పైపొర నున్నగా అరిగిన ట్రాక్ తడిస్తే మా ఓటు పిరమిడ్‌కే. మట్టి గ్రౌండులో అసలు వాడొద్దు. మెట్ల మధ్య బంకమట్టి ఇరుక్కుని పిన్ను మొద్దుబారుతుంది, కడిగినా పూర్తిగా పోదు.

నీడిల్ పిన్ను. సూదిలా సన్నగా, పొడవంతా దాదాపు ఒకే మందంతో ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే ఇదే అన్నిటికన్నా పదునుగా అనిపిస్తుంది, అందుకే కుర్రాళ్లు దీనికే మొగ్గుతారు. ట్రాక్‌లో రంధ్రాలు చేస్తుందని చాలా స్టేడియాలు దీన్ని ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట కూడా సిమెంటు మీద నాలుగడుగులు వేస్తే కొన వంగిపోతుంది. నేషనల్స్‌కు వెళ్లే సంచిలో దీనికి చోటు లేదు.

సిరామిక్, టైటానియం పిన్నులు స్టీలుకన్నా తేలిక, తుప్పు పట్టవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ రెండో గుణం నిజంగా అక్కరకొస్తుంది. సిరామిక్‌కు పెళుసుదనం ఉంది, గచ్చు మీద పడితే కొన విరుగుతుంది. వీటిని పోటీరోజుకు మాత్రమే దాచుకునే సీనియర్లు కొంటే అర్థముంది. ఇంకా ఎదిగే వయసు పిల్లలకు ఆ డబ్బుతో రెండు స్టీలు సెట్లు కొనివ్వండి. ఆసిక్స్ మెటాస్ప్రింట్‌లో అసలు పిన్నులే ఉండవు. అడుగున తేనెపట్టులాంటి ఆరుపలకల అల్లికే పట్టునిస్తుంది. ఆలోచన మెచ్చుకోదగ్గదే, కానీ మట్టిలో సాధన చేసి సింథటిక్ మీద పోటీపడే మన పిల్లలకు పిన్ను మార్చుకునే వెసులుబాటున్న బూటే మేలు.

ఆ వెసులుబాటు మనకెందుకంత ముఖ్యమో చూడండి. 2021 సెప్టెంబరులో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీ హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగింది. అమ్లాన్ బొర్గొహైన్ 200 మీటర్లలో 20.75 సెకన్లతో అక్కడే అప్పటి జాతీయ రికార్డు పెట్టాడు. అలాంటి ట్రాకులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నా, మండలాల్లోని పిల్లలు ఏడాది పొడవునా పరుగెత్తేది హైస్కూలు మట్టి గ్రౌండులోనే. అక్కడ 6 మి.మీ. చాలదు, 9 కావాలి, వాన పడి నేల మెత్తబడితే ఇంకాస్త పొడవున్నా తప్పులేదు. అంటే రెండు సెట్లు: సాధనకు 9, పోటీకి 6. పోటీకి కనీసం వారం ముందే 6కు మారి, సింథటిక్ దొరికినచోట రెండు మూడుసార్లు బ్లాక్ స్టార్టులు చేయాలి. 9కి అలవాటుపడ్డ పాదం 6 మీద మొదట్లో కాస్త జారినట్టు అనిపిస్తుంది. ఆ బెదురు హీట్స్ రోజు తీర్చుకునేది కాదు.

బిగించే పద్ధతి చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పిన్నుది కాదు, బిగింపుది. ముందు పాత టూత్‌బ్రష్‌తో రంధ్రంలోని మట్టి దులపండి, గట్టిపడిన మట్టి ఉంటే గుండుసూదితో తీయండి. పిన్ను మరకు చిటికెడు వాజలిన్ రాయండి. మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి, పానా పట్టుకోకూడదు. చేత్తో తిరగడం లేదంటే పిన్ను వంకరగా కూర్చుందన్నమాట. బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టండి. పానాతో బలవంతం చేస్తే ప్లేటులో ఉన్న మర తినేస్తుంది. వంద పిన్నులు పోయినా కొనుక్కోవచ్చు, ప్లేటులో మర పోతే బూటే పోయినట్టు. పిన్ను భుజం ప్లేటుకు ఆనాక పావు చుట్టు బిగిస్తే చాలు. ఇంకా బిగిస్తే ప్లేటు లోపల పాతిన మెటల్ నట్టు వదులై పిన్నుతో పాటు తిరగడం మొదలుపెడుతుంది. ఆ స్థితికి వచ్చిన బూటును బాగుచేయడం దాదాపు అసాధ్యం.

కొత్త పిన్నులు మొదటి సాధనలో కొద్దిగా వదులవుతాయి. అది లోపం కాదు. వార్మప్ అయ్యాక ఒకసారి పానాతో తడిమి చూసుకుంటే సరిపోతుంది. ఒక్క పిన్ను రాలిపోయినా ఆ ఖాళీ రంధ్రాన్ని అలా వదిలేయకండి. మట్టి దూరి మర మూసుకుపోతుంది. వేరే పిన్ను లేకపోతే కొన లేని ప్లాస్టిక్ బిళ్ల అయినా బిగించండి, చాలా సెట్లలో రెండు మూడు ఇస్తారు.

తుప్పుపట్టి ఊడని పిన్ను మామూలు తలనొప్పే. వానలో పరుగెత్తిన బూట్లను సంచిలోనే ఉంచి మర్చిపోతే ఇది తప్పదు. పిన్ను మొదలు దగ్గర రెండు చుక్కల డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె) వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పానాతో ముందు కాస్త బిగించే వైపుకు, తర్వాత ఊడదీసే వైపుకు మార్చిమార్చి కదపండి. పిన్ను పలకలు అరిగిపోయి పానా జారుతుంటే కటింగ్ ప్లేయర్‌తో మొదలు పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి. సీజన్ ముగిశాక అన్ని పిన్నులూ తీసి, తుడిచి, వాజలిన్ రాసి మళ్లీ బిగించేవాళ్లకు ఈ బాధే ఉండదు.

అరుగుదల అన్ని పిన్నులకూ సమానంగా ఉండదు. బ్లాకుల్లోంచి వచ్చేటప్పుడు వెనక కాలి మునివేళ్లు నేలను గీసుకుంటూ వెళ్లే అథ్లెట్లకు ఆ బూటులో ముందు రెండు పిన్నులు అన్నిటికన్నా ముందు మొద్దుబారతాయి. 200, 400 వాళ్లను చూడండి: మలుపులో శరీరం ఎడమకు వాలడం వల్ల కుడి బూటులో లోపలి అంచు పిన్నులు, ఎడమ బూటులో బయటి అంచు పిన్నులు ఎక్కువ అరుగుతాయి. బూట్లు పక్కపక్కన బోర్లించి చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకని కొన్నాళ్లకొకసారి స్థానాలు మార్చండి, పోటీకి మాత్రం ముందువరుసలో కొత్తవి పెట్టండి. ఒకే బూటులో 6, 9 కలపడం ప్రమాదం. పాదం ఒకవైపుకు ఒరుగుతుంది, జడ్జి కంటపడితే ఎలాగూ తీయిస్తారు.

బ్లాకు దగ్గర ఒక్క మాట. ముందు పిన్నులు రెండూ ట్రాక్‌ను తేలిగ్గా తాకుతూ, మిగతావి బ్లాకు పెడల్ (పాదం ఆనించే పలక) మీద ఆనేలా పాదం పెట్టాలని కోచ్‌లు నేర్పుతారు. పాదం మరీ కిందికి జారితే ముందు పిన్నులు రబ్బరులో గట్టిగా దిగబడి, తుపాకీ మోగాక బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. సాధనలో 9తో సరిపోయిన పెడల్ స్థానం పోటీలో 6తో కొద్దిగా మారుతుంది, కొత్త పిన్నులతో సరిచూసుకోండి.

కొనేటప్పుడు ప్యాకెట్టు మీద 6 అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. రెండు పిన్నులు తీసి, ప్లేటుకు ఆనే భుజం నుంచి కొన వరకు స్కేలుతో కొలవండి. మర భాగాన్ని కలిపి కొలిచి 6 అని రాసేవాళ్లూ ఉన్నారు, అరమిల్లీ మించేవీ ఉన్నాయి. పెద్ద బ్రాండ్ల బూట్లలో ఎక్కువ వాటికి మర ఒకటే. అయినా మన దేశంలో తయారయ్యే చవక బూట్లలో కొన్నిటికి వేరే మర ఉంటుంది. బూటు వెంట తీసుకెళ్లి ఒక పిన్ను చేత్తో తిప్పి చూసి డబ్బులివ్వండి. పిన్నులు ఊడదీయడానికి వీల్లేకుండా అచ్చుపోసిన బూట్లు ఇంకా అమ్ముతున్నారు. ధర తక్కువని నేషనల్స్‌కు వెళ్లే పిల్లలకు అవి కొనివ్వొద్దు, ఒక్క పిన్ను విరిగితే మార్గం లేదు.

పానా సంగతి. ప్యాకెట్టుతో వచ్చే పలచటి రేకు పానా రెండు మూడు నెలల్లో నోరు విప్పుకుంటుంది. అడ్డపిడి ఉన్న గట్టి పానా విడిగా కొనండి, అరచేతిలో ఇమిడి బిగింపు ఎంతయిందో తెలుస్తుంది. సంచిలో పెట్టాల్సింది ఇంతే: రెండు బూట్లకూ సరిపడా 6 మి.మీ. స్టీలు పిరమిడ్ సెట్టు ఒకటి, మరో నాలుగు విడి పిన్నులు, పానా, చిన్న వాజలిన్ డబ్బా, టూత్‌బ్రష్. వార్మప్ ట్రాక్ నుంచి మెయిన్ ట్రాక్‌కు మధ్య చాలా స్టేడియాల్లో సిమెంటు దారే ఉంటుంది. అక్కడ చెప్పులేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని నడవండి. కాల్ రూమ్‌లో జడ్జికి చూపించాకే తొడగండి.