తిరిగే న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ కక్ష్యలు: కెర్ చాలా, హార్టిల్–థోర్న్ కావాలా?

ప్రాజెక్టు కోసం వచ్చే ఎమ్మెస్సీ పిల్లలు ఏటా అడిగేది ఇదే: “కెర్ సూత్రాలు రెడీగా ఉన్నాయి కదా సార్, న్యూట్రాన్ నక్షత్రానికీ అవే వాడేస్తే సరిపోదా?” కెర్ సూత్రాలంటే తిరిగే బ్లాక్‌హోల్ చుట్టూ స్థలకాలం ఎలా వంగుతుందో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం చెప్పే లెక్క. న్యూట్రాన్ నక్షత్రం బ్లాక్‌హోల్ కాదు, అతి దట్టమైన పదార్థపు ముద్ద. కాబట్టి సగం సరిపోతుంది. నా పేచీ అంతా మిగతా సగంతోనే.

ముందు తేలికైన పద్ధతుల సంగతి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు న్యూట్రాన్ నక్షత్రాల జంట పల్సార్ జే0737-3039లో రెండు నక్షత్రాల మధ్య దూరం దాదాపు 9 లక్షల కిలోమీటర్లు. అక్కడ న్యూటన్‌కు పోస్ట్-న్యూటోనియన్ సవరణలు (సాపేక్షత వల్ల వచ్చే చిన్న దిద్దుబాట్లు) తగిలిస్తే పని జరిగిపోతుంది. నక్షత్రం పక్కకొచ్చాక ఉత్త న్యూటన్ చాలదు. తమాషా ఏమిటంటే, భ్రమణం లేనప్పుడు వృత్తాకార కక్ష్య పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని చుట్లు) ష్వార్జ్‌షీల్డ్ లెక్కలోనూ, అంటే తిరగని వస్తువుకు ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఇచ్చే లెక్కలోనూ, అచ్చం న్యూటన్ చెప్పినంతే వస్తుంది. తేడా స్థిరత్వంలో ఉంది: 6జీఎం/సీ² (జీ గురుత్వ స్థిరాంకం, ఎం ద్రవ్యరాశి, సీ కాంతి వేగం) కన్నా లోపల కక్ష్య నిలవదు. ఆ హద్దునే చివరి స్థిర కక్ష్య అంటారు. 1980లో వచ్చిన పచిన్‌స్కీ–విటా పొటెన్షియల్ (న్యూటన్ గురుత్వ సూత్రాన్ని కాస్త మార్చిన రూపం) ఆ హద్దును పట్టుకుంటుంది గానీ భ్రమణం ఊసెత్తదు.

ఇక అసలు పోటీ. కెర్ పరిష్కారం 1963ది, బ్లాక్‌హోల్‌ది. హార్టిల్–థోర్న్ పద్ధతి 1967–68లో వచ్చింది, నెమ్మదిగా తిరిగే నక్షత్రం కోసమే కట్టింది. స్థలకాలాన్ని భ్రమణం ఈడ్చుకుపోవడం రెండింటిలోనూ ఉంది. భ్రమణంలో మొదటి ఘాతం వరకు, అంటే భ్రమణ వర్గం ఉన్న పదాలను వదిలేస్తే, రెండూ ఒకటే. సెకనుకు 30 సార్లు తిరిగే క్రాబ్ పల్సార్‌కు దేనితో లెక్క కట్టినా తేడా పట్టించుకోనక్కర్లేదు.

రెండో ఘాతం దగ్గర దారులు చీలతాయి. వేగంగా తిరిగే నక్షత్రం నడుము దగ్గర ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఎంతో చెప్పే అంకే క్వాడ్రుపోల్. కెర్‌లో దాని విలువను ద్రవ్యరాశి, భ్రమణం కలిసి ముందే తేల్చేస్తాయి, మన చేతిలో ఏమీ ఉండదు. న్యూట్రాన్ నక్షత్రంలో ఉన్నది పదార్థం. దాని క్వాడ్రుపోల్ అంతకు కొన్ని రెట్లు ఎక్కువ, నక్షత్రం తేలికైన కొద్దీ ఇంకా ఎక్కువ. నక్షత్రంతో పాటే తిరిగే దిశలో వెళ్తున్న కణానికి ఈడ్పు చివరి స్థిర కక్ష్యను లోపలికి లాగితే, ఉబ్బు బయటికి నెడుతుంది. ఈ నెట్టుడునే కెర్ తక్కువ చేసి చూపిస్తుంది.

2 సూర్యుల ద్రవ్యరాశి, సెకనుకు సుమారు 600 భ్రమణాలు ఉన్న నక్షత్రం తీసుకోండి. భ్రమణ పరామితి (ద్రవ్యరాశితో పోల్చి భ్రమణం ఎంతో చెప్పే అంకె) 0.3 దగ్గర ఉంటుంది. భ్రమణాన్ని వదిలేస్తే చివరి స్థిర కక్ష్య 17.7 కిలోమీటర్ల దగ్గర. కెర్ 14.7 అంటుంది. క్వాడ్రుపోల్‌ను కెర్ విలువకు 3 రెట్లు పెడితే హార్టిల్–థోర్న్ 15.3 అంటుంది. ఆ కక్ష్యలో తిరిగే పదార్థం పౌనఃపున్యం కెర్ ప్రకారం 1,416 హెర్ట్జ్, హార్టిల్–థోర్న్‌లో ఓ 50 హెర్ట్జ్ తక్కువ. ఆ పౌనఃపున్యం నుంచి ద్రవ్యరాశి రాబట్టాలనుకుంటే జవాబు మూడు నాలుగు శాతం తప్పుతుంది. న్యూట్రాన్ నక్షత్రం గరిష్ఠ ద్రవ్యరాశి మీద వాదనలు నడిచే చోట అది చిన్న తప్పు కాదు.

“క్వాడ్రుపోల్ కావాలంటే లోపలి పదార్థం స్వభావం తెలియాలి, అదే తెలియదు కదా” అని కెర్ పక్షం వాదన. 2013 దాకా న్యాయమైన వాదనే. ఆ ఏడాది భౌతిక శాస్త్రవేత్తలు యాగి, యూనెస్ చూపించిందేమిటంటే, జడత్వ భ్రామకానికీ (భ్రమణాన్ని మార్చడం ఎంత కష్టమో చెప్పే కొలత) క్వాడ్రుపోల్‌కూ ఉన్న సంబంధం లోపలి పదార్థం ఏదైనా దాదాపు మారదు. ఎక్స్-రే విస్ఫోటాల్లో భ్రమణ వేగం తెలిసిందనుకోండి. ద్రవ్యరాశి, భ్రమణ పరామితి ఎంచుకోగానే జడత్వ భ్రామకం వస్తుంది, దాన్నుంచి క్వాడ్రుపోల్. అదనంగా ఊహించాల్సిన అంకె ఒక్కటీ లేదు. నా మొగ్గు హార్టిల్–థోర్న్ వైపే ఉండటానికి ఇదే కారణం. కోడ్ కాస్త పొడుగవుతుంది, అంతే.

దూరంగా ఉన్న కక్ష్యలకు మాత్రం ఇంత హడావుడి అక్కర్లేదు. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్, 4యూ 1728-34 అనే న్యూట్రాన్ నక్షత్రం నుంచి వచ్చే ఎక్స్-రేలలో 815–850 హెర్ట్జ్ ప్రాంతంలో కంపనాలు పట్టింది. అవి కక్ష్యా చలనానివే అనుకున్నా చివరి స్థిర కక్ష్యకు బాగా బయటివి. పైగా ఆ నక్షత్రం భ్రమణం 363 హెర్ట్జే. క్వాడ్రుపోల్ ప్రభావం దూరంతో త్వరగా పడిపోతుంది కాబట్టి అక్కడ కెర్ వాడినా నేను గొడవ పెట్టుకోను. సెకనుకు 716 సార్లు తిరిగే పల్సార్ లాంటి దాని ఉపరితలం పక్కన కక్ష్యలు కావాలంటే హార్టిల్–థోర్న్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. వేగంగా తిరిగే నక్షత్రాన్ని కంప్యూటర్‌లో పూర్తిగా లెక్కగట్టే ఆర్‌ఎన్‌ఎస్ ప్రోగ్రాం, స్టెర్గియులాస్ రాసింది, ఉచితంగానే దొరుకుతుంది, దానితో సరిచూసుకోండి.